బలరాం వర్ధంతిని మైదానంలో జరపడం ఎలా

తులసీదాస్ బలరాం వర్ధంతి అంటే ఒక హాలు, ఒక ఫొటో, ఒక దండ, వేదిక మీద నలుగురు వక్తలు అనుకునేవారికి నా సలహాలు అక్కరలేదు. అటువంటి సభ ఎలా చేయాలో విజయవాడలో ఎవరిని అడిగినా చెబుతారు. బలరాం ఫుట్‌బాల్ ఆటగాడు. ఆయనను తలుచుకోవలసిన చోటు మైదానం, తలుచుకోవలసినవారు బంతి వెంట పరుగెత్తే పిల్లలు. సత్యనారాయణపురం రైల్వే కాలనీ వైపు సాయంత్రాలు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుంటాను. ఏటా ఫిబ్రవరిలో మేము ఈ పని ఎలా చేస్తామో, మీ పేటలో మీరు ఎలా చేయవచ్చో చెబుతాను.

కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్ ఆటగాడికి బెజవాడలో వర్ధంతి ఏమిటని అడిగేవారు ఉంటారు. సమాధానం సిద్ధంగా పెట్టుకోండి. బలరాం పుట్టింది సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో. పేరు తెచ్చుకున్నది కలకత్తాలో. ఆ రెండింటి మధ్య రైలు మార్గం మన ఊరి మీదుగానే పోతుంది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో తరతరాలుగా తెలుగువాళ్లు పనిచేశారు. ఆ కుటుంబాల్లో కొన్ని తిరిగి వచ్చి మన మధ్యే స్థిరపడ్డాయి. కలకత్తా ఫుట్‌బాల్‌ను కళ్లారా చూసిన పెద్దలు మీ వీధిలోనే ఉండి ఉండవచ్చు. కార్యక్రమానికి ప్రాణం వాళ్లే కాబట్టి మొదటి పని వాళ్లను వెతకడం. రైల్వే పెన్షనర్లు కూర్చునే చోటికి వెళ్లి, "ఖరగ్‌పూర్‌లో పనిచేసినవారు ఎవరైనా ఉన్నారా" అని అడగండి. ఒకరు దొరికితే మిగతావారి చిరునామాలు ఆయనే చెబుతారు.

తేదీ గురించి పెద్దగా ఆలోచించనక్కరలేదు. బలరాం 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 16 పనిదినమైతే ఆ తరువాతి ఆదివారం పెట్టుకోండి. పదో తరగతి, ఇంటర్ పిల్లలు ఆ రోజుల్లో పరీక్షల హడావిడిలో ఉంటారు, వాళ్లను ఇబ్బంది పెట్టవద్దు. పన్నెండేళ్ల లోపు పిల్లలతో చేస్తే చాలు. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించాలి. ఫిబ్రవరి అయినా బెజవాడ ఎండ పది దాటితే పిల్లల్ని నిలవనీయదు.

మైదానానికి అనుమతి నోటిమాటగా తీసుకోకండి. పాఠశాల మైదానమైతే ప్రధానోపాధ్యాయుడికి ఉత్తరం రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని దగ్గర ఉంచుకోండి. మైకు పెడితే పోలీస్ స్టేషన్‌లో కూడా చెప్పాలి. ఆదివారం పొద్దున్నే క్రికెట్ ఆడేవారితో మాత్రం ముందు ఆదివారమే వెళ్లి మాట్లాడండి. ఆ రోజు వచ్చి ఖాళీ చేయమంటే ఎవరికైనా కోపం వస్తుంది. ముందుగా అడిగితే పిచ్ వదిలేసి మిగతా సగం ఇస్తారు. పిల్లల ఆటకు అది సరిపోతుంది.

ఫ్లెక్సీ విషయంలో నేను మొండివాణ్ని. దాని మీద ఒకే ముఖం ఉండాలి, అది బలరాంది. చందా ఇచ్చినవారివి, పేట పెద్దలవి, నిర్వాహకులవి ఏవీ వద్దు. ఒక్కరికి ఒప్పుకుంటే పది మంది వస్తారు, బలరాం మూలకు పోతారు. అందుకే మేము డబ్బు చందాలు తీసుకోవడం లేదు. ఒకరు షామియానా ఇస్తారు, ఒకరు కుర్చీలు ఇస్తారు, ఒకరి ఇంటి నుంచి మజ్జిగ వస్తుంది. ఎవరి పేరూ ఎక్కడా రాయం. దండ మాత్రం శ్రద్ధగా కట్టించండి. ఈస్ట్ బెంగాల్ రంగులు ఎరుపు, బంగారు పసుపు. పూల మార్కెట్‌లో పసుపు చామంతుల మధ్య ఎర్ర గులాబీలు వేసి కట్టమంటే కట్టి ఇస్తారు. ఆ రంగులు ఎందుకో పిల్లలు అడుగుతారు. చెప్పడానికి అదే మంచి సమయం.

మైకు దగ్గర ఒక పేజీ రాసి పెట్టుకోండి. అందులో పొగడ్తలు వద్దు, జరిగినవి మాత్రమే ఉండాలి. భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఈ కుర్రవాడిలోని ఆటను గుర్తించారు. అమ్ముగూడ నుంచి హైదరాబాదుకు వచ్చి పోవడానికి డబ్బు లేదంటే సైకిలు అద్దె ఆయనే ఇచ్చారు. ఇరవై ఏళ్లకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో చోటు దొరికింది. ఆ ఏడు భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆ తరువాత ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1961లో ఆ జట్టుకు నాయకుడు ఆయనే. ఆ ఏడాది కలకత్తా లీగ్‌ను ఈస్ట్ బెంగాల్ గెలుచుకుంది, లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది బలరామే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురూ ముందు వరుసలో ఆడారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించారు. అదే ఏడాది అర్జున అవార్డు వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బు వల్ల 1963లో, మంచి వయసులో ఆట మానుకోవలసి వచ్చింది.

వీటిలో ఒక్కదాన్ని మాత్రం తీరిగ్గా చెప్పాలి. అది 1960 రోమ్ ఒలింపిక్స్. మన గుంపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్నాయి. హంగరీ అంటే ఆ రోజుల్లో ప్రపంచం భయపడే పేరు. ఆ జట్టు మీద మనవాళ్లు 1-2 తేడాతో మాత్రమే ఓడారు. మన గోల్ బలరాం కొట్టారు. ఫ్రాన్స్‌తో 1-1తో సమం చేసుకున్నారు. పెరూ చేతిలో 1-3తో ఓడిన ఆటలో కూడా మన గోల్ ఆయనదే. ఓడిన ఆటల గురించి పిల్లలకు ఎందుకు అనకండి. వరుసగా ఓడిపోయే జట్టులో ఆడే పిల్లవాడికి ఈ కథ ఎంత అవసరమో నేను ఏటా చూస్తున్నాను. పీకేకు, చునీకి పద్మశ్రీ వచ్చిందనీ బలరాంకు రాలేదనీ కూడా దాచకుండా చెప్పండి. నాకు అది ఈనాటికీ బాధే.

పెద్దలతో మాట్లాడించడానికి ఒక పద్ధతి ఉంది. "బలరాం గారి గొప్పతనం గురించి నాలుగు మాటలు" అని మైకు చేతికిస్తే, ఎవరైనా ఆయన మహానుభావుడనే చెబుతారు. అలా అడగకండి. కార్యక్రమానికి వారం ముందు వాళ్ల ఇంటికే వెళ్లండి, ఫోనులో రికార్డింగ్ పెట్టి చిన్న ప్రశ్నలు వేయండి. ఎక్కడ కూర్చున్నారు, ఎవరు తీసుకెళ్లారు, వాన పడుతోందా, పక్కవారు ఏమన్నారు. ఒక పెద్దాయనను నేను అడిగాను: "బాబాయి గారూ, బలరాంను చూసినప్పుడు మీరు ఎంత ఉంటారు?"

"ఎనిమిదేళ్లు ఉంటాయి నాయనా. మా నాన్న పాసు మీద హౌరా తీసుకెళ్లాడు. మైదాన్‌లో చెక్క బల్లల మీద ఇరుక్కుని కూర్చున్నాం. బలరాం ఎడమ పక్క నుంచి వచ్చి బంతిని పక్కవాడికి ఇచ్చేశాడు. అందరూ బంతిని చూశారు. నేను చిన్నవాణ్ని, నాకు బంతి కనబడలేదు, బలరాం ఒక్కడే కనబడ్డాడు. బంతి ఇచ్చేశాక కూడా ఆయన ఆగలేదు, పరుగెత్తుతూనే ఉన్నాడు. ఎందుకా అని చూస్తుంటే బంతి మళ్లీ ఆయన కాలి దగ్గరికే వచ్చింది."

ఇది దొరికాక ఇంకేమి కావాలి? ఫుట్‌బాల్ నేర్పేవాళ్లం రోజూ గొంతు చించుకుని చెప్పే పాఠం అదే కదా. బంతి ఇచ్చాక నిలబడిపోవద్దు. ఇటువంటి జ్ఞాపకం దొరికితే దాన్ని ఉపన్యాసంగా వదిలేయకుండా ఆ రోజు ఆటలో నియమంగా పెట్టండి. పెద్దలు సంవత్సరాలు కలగలిపి, మెల్‌బోర్న్‌ను రోమ్‌లో, రోమ్‌ను జకార్తాలో చెప్పవచ్చు. మైకు ముందు సరిదిద్దకండి. సరైన సంవత్సరాలు మీ పేజీలో ఉన్నాయి, తరువాత అది చదివితే చాలు.

ఇక ఆట. పెద్దల గోల్ స్తంభాలు పిల్లలకు వద్దు. వెదురు గడలు తెచ్చి 12 అడుగుల దూరంలో పాతి, నేల మీద 6 అడుగుల ఎత్తు ఉండేలా చూడండి. గడ అడుగున్నర లోతుకైనా దిగాలి. పైన అడ్డంగా వెదురు కట్టకండి, జారి పిల్లవాడి తల మీద పడుతుంది. ఎర్ర గుడ్డ చుట్టిన తాడు చాలు. బంతి 4వ నంబరుది తీసుకోండి, పెద్దలు ఆడే 5వ నంబరు ఈ వయసుకు బరువు. గాలి కొట్టే ముందు పంపు సూదిని నీటితో తడపండి. పొడి సూది గుచ్చితే లోపలి వాల్వు చిరుగుతుంది, ఆట మధ్యలో బంతి మెత్తబడిపోతుంది. రాత్రే గాలి కొట్టి ఉంచి, పొద్దున్న బొటనవేలితో నొక్కి చూడండి.

జట్టుకు ఏడుగురు. ఒకరు గోల్‌లో, ఇద్దరు వెనుక, నలుగురు ముందు. రహీం జట్లు ముందు నలుగురితో ఆడేవి కాబట్టి ముందు వరుస నలుగురే ఉండాలి. ఆ నాలుగు చోట్లనూ సున్నంతో గుండ్రంగా గీసి చూపండి. కోచ్ ఏ చోట ఆడమంటే ఆ చోట ఆడగలగడం బలరాం ప్రత్యేకత. అందుకే మా ఆటలో ప్రతి అయిదు నిమిషాలకు ఈల వేస్తాం. ముందు నలుగురూ ఒక్కొక్క చోటు కుడి వైపుకు జరుగుతారు, కుడి చివర ఉన్నవాడు ఎడమ చివరకు వెళతాడు. 20 నిమిషాల్లో ప్రతి ఒక్కరూ నాలుగు చోట్లా ఆడినట్టవుతుంది. రెండో సగంలో వెనుక ఉన్నవారిని ముందుకు తీసుకురండి. మొదటి రెండు ఈలలకు గందరగోళమే. మూడో ఈలకు పిల్లలే ఒకరినొకరు తోసుకుంటూ సర్దుకుంటారు. ఎడమ చివర ఎప్పుడూ నిలబడని పిల్లవాడు ఎడమ కాలితో బంతి ఆపడానికి తంటాలు పడుతుంటే, మీరు లోపలికి వెళ్లకండి, వాణ్ని తిప్పలు పడనివ్వండి.

రెండో నియమం ఆ పెద్దాయన జ్ఞాపకం నుంచి వచ్చింది. బంతి ఇచ్చినవాడు మూడు అంగలైనా పరుగెత్తాలి, లేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. దీన్ని చూడటానికి విడిగా ఒక రిఫరీని పెట్టండి. ఖరగ్‌పూర్ పెద్దలను గీత పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టి ఆ పని వాళ్లకు అప్పగిస్తే ఇంకా మంచిది. ఈల వాళ్ల చేతికి ఇవ్వండి. వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పడం కంటే దీన్ని వాళ్లు ఎక్కువ ఇష్టపడతారు.

ఆటకు ముందు పిల్లలను మధ్య గుండ్రంలో నిలబెట్టి ఒక నిమిషం మౌనం, వెంటనే చప్పట్లు. బహుమతి ఒక్కటే. గోల్ కొట్టినవాడికి ఇవ్వకండి, వాడికి ఆ సంతోషం ముందే దక్కింది. బంతి ఇచ్చాక అందరికంటే బాగా పరుగెత్తినవారికి ఇవ్వండి. ఆడపిల్లలను విడిగా ఆడించాలనే మాట వస్తే వినకండి. ఈ వయసులో కలిపి ఆడించడమే మేలు. తినడానికి ఇడ్లీ, తరువాత పులిహోర, మజ్జిగ.

ముగిశాక గడలు పీకిన గుంటలను ఆ రోజే పూడ్చండి, సాయంత్రం ఆడుకునేవారి కాళ్లు మడత పడతాయి. పెద్దల రికార్డింగులను ఫోనులో వదిలేయకుండా ఆ వారమే ఎవరితోనైనా రాయించి, తేదీ వేసి, ఒక ప్రతి వాళ్ల ఇంటికి పంపండి. ఖరగ్‌పూర్ చూసిన తరం తగ్గిపోతోంది. వచ్చే ఫిబ్రవరి దాకా ఆగకుండా, పేరు తెలిసిన ప్రతి పెద్దాయన దగ్గరికీ ఇప్పుడే వెళ్లండి.