ఇంట్లో కుట్టుపనికి ఇస్త్రీ పెట్టె ఎలా ఎంచుకోవాలి?

జాకెట్ కొలతలన్నీ సరిపోయినా మెడ దగ్గర ఉబ్బినట్టు, భుజం కుట్టు మెలి తిరిగినట్టు కనిపిస్తోందా? కుట్టిన ప్రతి కుట్టునూ అక్కడికక్కడే ఇస్త్రీతో అణచకపోతే చాలాసార్లు ఇలాగే అవుతుంది. ఉతికిన బట్టల మీద పెట్టెను అటూ ఇటూ తోస్తాం. కుట్టుపనిలో అలా తోయకూడదు. ఎత్తి పెట్టి, కొన్ని సెకన్లు ఉంచి, మళ్లీ ఎత్తాలి. తోస్తే క్రాస్‌గా, అంటే నేతకు ఏటవాలుగా కత్తిరించిన మెడ గుడ్డ సాగిపోతుంది. అందుకే ఈ పనికి కొనే పెట్టెలో నేను మొదట చూసేది బరువు.

ముందు మీరు ఎక్కువగా ఏం కుడతారో ఆలోచించండి. రూబియా నూలు జాకెట్లు, లైనింగ్, పిల్లల గౌన్లు, బిగువు కోసం కాలర్‌కూ మెడపట్టీకీ వేడితో అంటించే బకరం గుడ్డ... వీటికి హెవీ వెయిట్ డ్రై ఐరన్ (ఆవిరి రాని బరువైన పెట్టె) చాలు. కిలో బరువున్న పెట్టెతో బకరం అంటించాలంటే చేత్తో గట్టిగా నొక్కాలి. రెండు కిలోల పెట్టె అయితే సగం పని దాని బరువే చేస్తుంది. పైగా స్టీమ్ ఐరన్ అడుగున రంధ్రాలుంటాయి. అవి ఉన్నచోట ఒత్తిడి తగలక బకరం సరిగా అంటదు. ఉతికాక అక్కడ బుడగలు లేస్తాయి. స్టీమ్ ఐరనే ఉంటే ఆవిరి ఆపేసి, పెట్టెను కాస్త పక్కకు మార్చి రెండోసారి నొక్కండి.

మరి ఆవిరి వద్దా అంటే, కాటన్‌కు తప్పకుండా కావాలి. తడిపి గట్టిగా పిండిన పల్చటి నూలుగుడ్డ కుట్టు మీద పరిచి నొక్కితే కావలసినంత ఆవిరి వస్తుంది. చెన్నైలో బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే ఇళ్లవాళ్లకు నేను ఈ పద్ధతే చెబుతాను. ఆ ఉప్పు నీళ్లు స్టీమ్ ఐరన్‌లో పోస్తే లోపల సున్నం పేరుకుని, ఒకరోజు తెల్ల జాకెట్ మీద గోధుమరంగు మరకలు కక్కుతుంది. స్టీమ్ ఐరనే కొనాలనుకుంటే డిస్టిల్డ్ వాటర్ పోసి, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేయండి.

తర్వాత మిషన్ పక్కనున్న ప్లగ్ చూసుకోండి. మామూలు 6 ఆంపియర్ సాకెట్‌కు 1000 వాట్ల పెట్టె హాయిగా సరిపోతుంది. 1600, 2000 వాట్ల వాటికి 16 ఆంపియర్ సాకెట్ కావాలి.

టి.నగర్‌లోనో పురసవాక్కంలోనో షాపుకు వెళ్లి, చేత్తో పట్టుకుని చూసి కొనడం మంచిది. ఐఎస్ఐ గుర్తు ఉందా? ముక్కు సన్నగా ఉందా? మొద్దు ముక్కు పైపింగ్ మూలల్లోకి, డాట్ (ఒంటి ఆకారం కోసం గుడ్డను మడిచి కుట్టే కుట్టు) చివరికి వెళ్లదు. అడుగు ప్లేటు అంచు చుట్టూ బొటనవేలితో తడమండి. గరుకు తగిలితే ఇంకోటి తీయమనండి, పట్టుదారం లాగేస్తుంది. నిలబెడితే ఊగకూడదు. వైరు మిషన్ నుంచి ఇస్త్రీ బల్ల దాకా అందాలి. దానంతట అదే ఆగిపోయే రకం భద్రతకు మంచిదే. కానీ కుట్టుకూ కుట్టుకూ మధ్య చల్లారిపోతే విసుగొస్తుంది, ఎన్ని నిమిషాలకు ఆగుతుందో అడగండి.

ఇంటికి తెచ్చాక వెంటనే కుట్టబోయే మంచి గుడ్డ మీద పెట్టకండి, ముందు ముక్కల మీద పరీక్షించండి. డయల్ మీద ఒక చుక్క సింథటిక్‌కు, రెండు పట్టు, ఉన్నికి, మూడు కాటన్‌కు. లైటు మొదటిసారి ఆరినప్పుడు వేడి కాస్త ఎక్కువగానే ఉంటుంది, రెండోసారి ఆరేదాకా ఆగండి. కత్తిరింపు ముక్కలు రెండు కలిపి కుట్టి, ముందు కుట్టును ఉన్నది ఉన్నట్టే నొక్కండి. ఆ తర్వాత లోపలివైపు కుట్టు పక్కన వదిలిన మార్జిన్‌ను చెరోవైపుకు విప్పి ముక్కుతో నొక్కండి. పట్టు ముక్కనైతే నీళ్లు చల్లకుండా, జరీ మీద పొడి గుడ్డ వేసి, తిరగవైపు నుంచి చూడండి. ముక్క రంగు మారినా, మెరుపు తేలినా డయల్ తగ్గించి మళ్లీ చూడండి. తగ్గించినా అలాగే కాలుతుంటే వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌లో తేడా ఉన్నట్టే, బిల్లుతో సహా వెంటనే మార్పించుకోండి.