బీఏఎస్‌ఎల్‌పీ చదివితే పెట్టిన డబ్బు తిరిగొస్తుందా? లెక్క ఇలా వేయండి

నీట్ ర్యాంకు అనుకున్నట్టు రాని ఇంట్లో, ఎవరో ఒకరు బీఏఎస్‌ఎల్‌పీ (బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ) పేరు ఎత్తుతారు. వినికిడి, మాట సమస్యలున్న వాళ్లకు పరీక్షలు చేసి థెరపీ ఇచ్చే చదువు ఇది. మూడేళ్ల తరగతులు, ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం నాలుగేళ్లు. ఎంపీసీ పిల్లలు కూడా చేరొచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. "అమెరికాలో మంచి జీతాలట" అన్న మాట కూడా వెంటే వస్తుంది. మా అక్క కూతురికి సీటు వెతికినప్పుడు మేమూ ఆ మాటతోనే మొదలుపెట్టాం. అక్కడ మొదలుపెట్టకూడదని తర్వాత తెలిసింది.

మొదటి పని: గుర్తింపు చూడండి

కాలేజీ భవనం, బస్సులు తర్వాత. ఆ కాలేజీలో ఆ కోర్సుకు, మీరు చేరే ఏడాదికి, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) అనుమతి ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో మీరే చూడండి. డిగ్రీ పూర్తయ్యాక ఆర్‌సీఐ రిజిస్టర్‌లో పేరు ఎక్కితేనే ప్రాక్టీసు చేసే హక్కు వస్తుంది. 1992 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు చేయడం నేరం. అనుమతి లేని చోట ఫీజు ఎంత తక్కువైనా ఆ డబ్బు పోయినట్టే.

రెండో పని: అసలు ఖర్చు రాయండి

ఒక కాగితం మీద ఫీజు, హాస్టల్, పుస్తకాలు, ప్రయాణాలు రాయండి. ఇంటర్న్‌షిప్ ఏడాదిని మరిచిపోకండి. ఆ ఏడాది ఫీజు ఉందా, స్టైపెండ్ ఇస్తారా, ఎంత అన్నది కాలేజీని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

లోన్ తీసుకుంటే లెక్క ఇంకా జాగ్రత్తగా వేయాలి. ఉదాహరణకు మొదటి మూడేళ్లూ ఏడాదికి 2 లక్షల చొప్పున, మొత్తం 6 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువు అయ్యాక మరో ఏడాది గడువు ఇచ్చారనుకుందాం. ఈ ఐదేళ్లకు బారువడ్డీ వేసుకున్నా 2.4 లక్షలు అవుతుంది. అంటే ఈఎంఐ మొదలయ్యేనాటికి అప్పు 8.4 లక్షలు. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 13,950 రూపాయలు. అదే చదువుతున్నప్పుడే వడ్డీ కడుతూ వస్తే (మొదటి ఏడాది నెలకు 1,670 దాకా, రెండో ఏడాది 3,330, తర్వాత 5,000) ఈఎంఐ 9,960 దగ్గర ఆగుతుంది. నెలకు 4 వేల తేడా, అదీ ఏడేళ్లు! ఇంట్లో వీలుంటే వడ్డీని పేరుకోనివ్వకండి.

సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మైసూరులో 1965లో మొదలైన ఐష్ (ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్) లాంటి ప్రభుత్వ సంస్థలకు ముందు ప్రయత్నించండి. అక్కడ సీటు వస్తే పై లెక్క చాలామటుకు మారిపోతుంది.

మూడో పని: సీనియర్లకు ఫోన్ చేయండి

బ్రోచర్‌లో ఉండే జీతం అందరికంటే బాగా స్థిరపడినవాళ్లది. మీకు కావాల్సింది రెండేళ్ల కిందట పాసైన మామూలు విద్యార్థి జీతం. కనీసం ఐదుగురిని అడగండి. చేతికి ఎంత వస్తుంది? నెల జీతమా, సెషన్‌కు వాటానా? పిల్లాడు రాని రోజు డబ్బు వస్తుందా? హియరింగ్ ఎయిడ్ కంపెనీ అయితే అమ్మకాల టార్గెట్ ఉందా? జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీలలో (పిల్లల ఎదుగుదల సమస్యలను చిన్నప్పుడే గుర్తించి సాయం చేసే ప్రభుత్వ కేంద్రాలు) అయితే పోస్టు కాంట్రాక్టుదా?

నా దృష్టిలో ఈఎంఐ చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదు. 13,950 ఈఎంఐకి 42 వేల జీతం కావాలి, 9,960కి 30 వేలు చాలు. సీనియర్లు చెప్పిన అంకెల్లో తక్కువదాన్ని ఈ గీత పక్కన పెట్టి చూడండి. అందకపోతే ఆ కాలేజీ ఖరీదు ఎక్కువనే అర్థం. చదువు పనికిరాదని కాదు.

నాలుగో పని: అమెరికా అంకెను వేరే కాగితం మీద రాయండి

అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో 2023లో స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టుల (మాట సమస్యలకు థెరపీ ఇచ్చేవాళ్ల) మధ్యస్థ జీతం ఏడాదికి 89,290 డాలర్లు. కానీ అక్కడ ఆ ఉద్యోగానికి సాధారణంగా మాస్టర్స్ కావాలి, పైగా రాష్ట్ర లైసెన్సు. వినికిడి వైపు, అంటే ఆడియాలజీకైతే, ఏయూడీ అనే డాక్టరేట్. ఆ చదువు ఖర్చు కలపకుండా ఆ జీతాన్ని బీఏఎస్‌ఎల్‌పీ ఖాతాలో వేయకూడదు. విదేశాల్లోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్ థెరపీ చేస్తాననుకునేవాళ్లూ అక్కడి లైసెన్సు నిబంధనలు తెలుసుకున్నాకే ఆ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

సొంత క్లినిక్ ఆలోచన ఉంటే వినికిడి కొలిచే ఆడియోమీటరు, శబ్దం చొరబడని గది, అద్దె కూడా అదే కాగితం మీదికి రావాలి. థెరపీతో మొదలుపెడితే పెట్టుబడి తక్కువ. చిన్న పట్టణంలో తెలుగులో థెరపీ చేసే మనిషి దొరకడం కష్టం. పిల్లాడు ఇంట్లో అమ్మతో మాట్లాడే భాషలోనే పని చేయించగలగడం మన పిల్లల చేతిలో ఉన్న నిజమైన బలం.

ఐదో పని: ఒక పూట క్లినిక్‌లో కూర్చోనివ్వండి

ఫీజు కట్టకముందే, అనుమతి అడిగి, మీ అమ్మాయినో అబ్బాయినో ఒక థెరపీ సెంటర్‌కు పంపండి. మా అక్క కూతురు చూసిన మొదటి సెషన్‌లో నాలుగేళ్ల బాబు "క" పలకడానికి ముప్పావుగంట పట్టింది. బయటికొచ్చి, "మళ్లీ రేపు రావచ్చా పిన్నీ?" అని అడిగింది. మేం లోన్ కాగితాలు తీసింది ఆ తర్వాతే.