‘సిస్టర్’ అని పిలిస్తే డాక్టరమ్మ ఏం చేయాలి?

సర్జరీ వార్డులో పదిహేడేళ్లుగా చేస్తున్నాను. ఇప్పటికీ వారానికి నాలుగైదుసార్లు "సిస్టర్, డాక్టర్ గారెప్పుడొస్తారు?" అని నన్నే అడుగుతారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఆడవాళ్లు చేరింది 1875లో! కొత్త పీజీ అమ్మాయిలేమో నవ్వి ఊరుకుంటారు, లేదంటే మండిపడతారు. రెండూ దండగే.

ముందు సరంజామా. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు (జేబులో కాదు). ఐడీ కార్డు ఎప్పుడూ తిరగబడే ఉంటుంది, నమ్ముకోవద్దు. కోటు మీదే ‘డాక్టర్’ అని తెలుగులో పెద్దక్షరాలతో కుట్టించుకోండి.

మంచం దగ్గరికి వెళ్లగానే మొదటి మాట: "నేను డాక్టర్‌ని, రేపు ఆపరేషన్ చేసేది నేనే." పేరు తర్వాత చెప్పొచ్చు.

ఇక అసలు చిక్కు. ప్రశ్న మీరు అడుగుతారు, పేషెంటు కొడుకు జవాబు మాత్రం మీ పక్కనున్న హౌస్ సర్జన్ కుర్రాడికి చెప్తాడు. వాడు మొన్ననే ఫైనలియర్ పాసయ్యాడు. కానీ గడ్డం ఉంది కదా!

ఇక్కడ "నేను నర్సును కాదు" అని మాత్రం అనకండి. నర్సు అక్కడే ఉంటుంది. వార్డు నడిచేదే ఆమె చేతుల మీద, ఆమె ముందే ఆమె పనిని తక్కువ చేసినట్టవుతుంది. "నేను డాక్టర్‌ని" అనేసి, గ్యాప్ ఇవ్వకుండా "నొప్పి ఎప్పట్నుంచి?" అని పేషెంటునే అడగండి. గ్యాప్ ఇచ్చారా, కొడుకు సారీలు మొదలెడతాడు, మీరు "పర్లేదండీ" అంటారు, కడుపునొప్పి సంగతి మూలకు పోతుంది.

కుర్రాడికి రౌండ్స్‌కి ముందే చెప్పి ఉంచాలి. ప్రశ్న తనవైపు వస్తే నోరు మెదపకుండా మీవైపు చూడాలి. "మేడం చెప్తారు" అని కూడా అనకూడదు, అది సిఫారసులా ఉంటుంది.

నా బ్యాచ్‌మేట్ ఒకావిడ జోకేసి సరిపెడుతుంది. నాకు నచ్చదు. వాళ్లకు జోకు గుర్తుంటుంది, డాక్టరెవరో గుర్తుండదు.

పేషెంటుకు ఒక్కసారి చెప్తే చాలు. మీటింగులో మిమ్మల్నే టీ తెప్పించమనే తోటి డాక్టర్లకు మాత్రం ప్రతిసారీ చెప్పాలి: "నాక్కూడా ఒకటి చెప్పండి." కుర్చీలోంచి లేవకుండా.

"డాక్టరమ్మా" అంటే దిద్దకండి, అది మన ఊళ్ల మాట.

అన్నీ అయ్యాక కూడా "పెద్ద డాక్టర్ రాలేదా తల్లీ?" అనే ముసలామె ఒకరుంటుంది. కన్సెంట్ ఫారం తీసి, సర్జన్ పేరున్న చోట వేలు పెట్టి చదివి వినిపించండి. వేలిముద్ర ఆ తర్వాతే.