తక్కువ బిట్‌రేటులో స్టీరియో రికార్డింగును కుదించడం ఎలా?

ఒక గంట హరికథను సీడీ నాణ్యతతో, అంటే సెకనుకు 1,411 కిలోబిట్ల చొప్పున స్టీరియోలో దాచుకుంటే దాదాపు 635 మెగాబైట్లు అవుతుంది. అదే కథ 48 కిలోబిట్లలో 21.6 మెగాబైట్లకు దిగివస్తుంది కనుక దూరాన ఉన్న బంధువులకు ఫోనులో పంపడం తేలిక. అయితే ఆ 48 కిలోబిట్లనే ఎడమ, కుడి చానళ్లు రెండూ పంచుకోవాలి. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో ఫిడేలు నాదం గరగరలాడితే శ్రోతలు మన్నించరు. ఫిడేలు ఏ పక్కనుంచి వినిపిస్తోందని మాత్రం ఎవరూ అడగరు. అందుచేత ముందు నాదం, తరువాతే వెడల్పు (ఎడమ, కుడి పక్కల మధ్య శబ్దం విస్తరించినట్లు తోచడం) అన్న క్రమంలో ఈ పద్ధతి సాగుతుంది.

మొదట కుదించని మూల ఫైలును, అంటే వేవ్ ఫైలును తీసుకోవాలి. ఒకసారి కుదించిన ఎంపీ3ను మళ్లీ కుదిస్తే పాత లోపాలపై కొత్త లోపాలు చేరుతాయి.

రెండో పని, రెండు చానళ్లకూ మధ్య తేడా ఎంత ఉందో వినడం. ఆడాసిటీ అనే ధ్వని సవరణ సాఫ్ట్‌వేరులో స్టీరియో ట్రాకును రెండు మోనో (ఒకే చానలు ఉన్న) ట్రాకులుగా విడదీసి, ఒకదానికి ధ్వని తరంగాన్ని తలకిందులు చేసే ఇన్వర్ట్ ఎఫెక్టు వేసి, రెండింటినీ కలిపి వినిపిస్తే ఉమ్మడిగా ఉన్నదంతా రద్దై తేడా మాత్రమే మిగులుతుంది. హరికథలో దాసుగారి గొంతు నడుమ ఉంటుంది కాబట్టి సాధారణంగా మిగిలేది మండపం ప్రతిధ్వని, జనం సద్దు మాత్రమే; దానికోసం బిట్లు వెచ్చించడం దండగ, మోనో చాలు. సిరిమానోత్సవం నాటి జనఘోష ఇందుకు భిన్నం. అందులో తేడా బాగా వినిపిస్తుంది గాని, ఆ ఘోష దిక్కు తెలియవలసిన అవసరం లేదు కనుక అక్కడా మోనోయే మేలు. తప్పెటగుళ్ల సంగతి వేరు. గుళ్లు వాయిస్తూ దళం వలయంగా తిరిగేటప్పుడు రేకుల మోత, గజ్జెల సవ్వడి ఒక చెవినుంచి మరో చెవికి కదులుతాయి; ఆ కదలికను పోగొడితే ప్రదర్శనలో సగం పోయినట్లే.

మూడో పనిగా మోనోలోకి కలిపి ఒకసారి వినాలి. ఒక హరికథ రికార్డింగులో నేను ఒక మైకు తీగను తారుమారుగా కలిపాను. హెడ్‌ఫోన్లలో అంతా బాగానే ఉన్నట్లు తోచింది కాని, ఒకే స్పీకరున్న ఫోనులో గాయకుని గొంతు దాదాపు మాయమై మృదంగం మిగిలింది. ఒక చానలును ఇన్వర్ట్ చేయగానే సరిపోయింది.

ఇక అసలైన నిర్ణయం స్టీరియో పద్ధతిని ఎంచుకోవడం. జాయింట్ స్టీరియో అంటే నాసిరకమన్న అపోహ చాలామందిలో ఉంది. ఎడమ, కుడి చానళ్లను విడివిడిగా కాక వాటి మొత్తంగానూ తేడాగానూ రాసుకోవడమే అందులోని ప్రధాన పద్ధతి. తేడా స్వల్పమైనప్పుడు దానికి కొద్ది బిట్లే ఖర్చై, మిగిలినవి నాదానికి దక్కుతాయి. చిక్కల్లా ఫిడేలును పూర్తిగా ఎడమకు, మృదంగాన్ని పూర్తిగా కుడికి నెట్టినప్పుడే వస్తుంది. అప్పుడు తేడా కూడా మొత్తమంత పెద్దదవుతుంది, పైగా కుదింపులో పుట్టిన రొద నిశ్శబ్దంగా ఉన్న పక్కకు పాకి బయటపడుతుంది. కుదించే ముందే రెంటినీ, ధ్వనిని ఎడమకో కుడికో జరిపే ప్యాన్ మీటతో కొంత నడుమకు జరిపితే ఈ బాధ చాలా తగ్గుతుంది.

ఇంకా తక్కువ బిట్లకు హెచ్ఈ-ఏఏసీ అనే కుదింపు పద్ధతి రెండో రూపంలో పారామెట్రిక్ స్టీరియో ఉంది. అది ఒక్క మోనో ధ్వనిని మాత్రమే నిలుపుకొని, ఏ స్వరస్థాయి ఏ పక్క ఎంత బిగ్గరగా ఉందో, రెండు పక్కలకూ ఎంత పోలిక ఉందో కొద్దిపాటి సంకేతాలుగా జతచేస్తుంది. వినిపించే యంత్రం వాటితో వెడల్పును తిరిగి అల్లుతుంది. 24 నుంచి 40 కిలోబిట్ల మధ్య దీని పనితనం మెచ్చుకోదగినదే, కాని చప్పట్లలోనూ గజ్జెల మోతలోనూ ఆ అల్లిక బయటపడి శబ్దం అలికినట్లవుతుంది. అందువల్ల తప్పెటగుళ్లకు దాన్ని వాడను. ఓపస్ అనే మరో కుదింపు పద్ధతిలో 64 కిలోబిట్లకు తగ్గకుండా స్టీరియో ఇస్తాను. బిట్లు మరీ తగ్గితే ఓపస్ తనంతట తానే వెడల్పును కుదించుకుంటుంది.

పాత పరికరాల కోసం ఎంపీ3యే కావాలంటే, 64 కిలోబిట్లలోనూ అంతకు లోపూ మోనోనే ఎంచుకోవాలి. 32 కిలోబిట్ల దగ్గర శాంప్లింగ్ రేటును, అంటే సెకనుకు తీసుకునే ధ్వని నమూనాల సంఖ్యను 44,100 నుంచి 22,050కి దించాలి. గజ్జెల మెరుపు కొంత పోతుంది, మాట మాత్రం స్పష్టంగా నిలుస్తుంది. 96 కిలోబిట్లనుంచి జాయింట్ స్టీరియోకు మారవచ్చు.

చివరగా, తాళం ముమ్మరమైన అర నిమిషం భాగాన్ని మాత్రం కత్తిరించి, మోనోలోనూ స్టీరియోలోనూ ఒకే బిట్‌రేటుకు కుదించి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లో ఒకరికి హెడ్‌ఫోన్లలోనూ ఫోను స్పీకరులోనూ వినిపించాలి. వారు రెండింటికీ తేడా లేదంటే మోనో ఫైలునే పంపాలి.