రాత్రి చార్జింగ్ పెట్టిన కారు పొద్దునకి నిండలేదా? కారు కంటే ముందు ఇంటి వైరింగ్ చూడండి

ఇంట్లో చార్జింగ్ ఆగిపోతే చాలామంది నేరుగా సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తారు. 15 యాంప్ ప్లగ్గుతో చార్జ్ చేసేవాళ్ల ఇబ్బందుల్లో ఎక్కువ భాగం మాత్రం గోడలోనే ఉంటుంది. గీజర్ పావుగంటలో ఆగుతుంది. కారు ఎనిమిది, పది గంటలు ఏకధాటిగా కరెంటు లాగుతుంది. దాంతో వైరింగ్‌లో దాగిన లోపం బయటపడుతుంది.

చార్జర్ మీద ఎర్రలైటు, చార్జింగ్ మొదలే కాదు

ముందు అనుమానించాల్సింది ఎర్తింగే. మల్టీమీటర్‌తో సాకెట్‌లో మూడు కొలతలు తీయించండి. ఫేజ్-న్యూట్రల్ మధ్య సుమారు 230 వోల్టులు, ఫేజ్-ఎర్త్ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా ఉండాలి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఎర్త్ వైరు సాకెట్ దాకా వచ్చి, అవతల కొస ఎక్కడా కలపకుండా వదిలేసి ఉండటం మామూలే. సొంతిల్లయితే ఎర్త్ గుంత తెరిచి చూడండి. బోల్టు తుప్పు పట్టిందా? ఎండాకాలం మట్టి పూర్తిగా ఆరిపోయిందా? తుప్పు గీకించి, బోల్టు బిగించి, గుంతలో నీళ్లు పోయించండి. అప్పటికీ దారికి రాకపోతే కొత్త ఎర్త్ వేయించి, ఎర్త్ టెస్టర్‌తో 5 ఓమ్‌ల లోపు వచ్చిందో లేదో చూసుకోండి. మల్టీమీటర్‌లో 230 కనిపించినంత మాత్రాన ఎర్త్ గట్టిగా ఉన్నట్టు కాదు.

కొందరు సాకెట్ లోపలే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. లైటు పచ్చగా మారుతుంది, చార్జింగూ అవుతుంది. కానీ న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కారు బాడీకి కరెంటు వస్తుంది. ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

గంట తర్వాత ఆగిపోతోంది, ప్లగ్గు కాలుతోంది

స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి చూడండి. పిన్ను పక్కన ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగితే ఆ సాకెట్ పని అయిపోయినట్టే. లోపల స్క్రూ వదులైనా, 2.5 స్క్వేర్ ఎంఎం వైరు మీదే లాగిస్తున్నా, ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడినా ఇంతే. మెయిన్ బోర్డు నుంచి కారుకే విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 20 యాంప్ ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్), మంచి కంపెనీ 16 యాంప్ సాకెట్ వేయించండి. ఆ పని అయ్యేదాకా కారులోనో చార్జర్‌లోనో కరెంటు తగ్గించే సెట్టింగ్ ఉంటే 10 యాంప్‌లకు దించండి. అప్పుడు అందేది సుమారు 2.3 కిలోవాట్లు. ఆలస్యమైనా సాకెట్ మీద భారం తగ్గుతుంది.

చార్జింగ్ నత్తనడక

చార్జింగ్‌కి ముందొకసారి, మొదలయ్యాక ఒకసారి వోల్టేజ్ చూడండి. పెట్టగానే 10 వోల్టులకు మించి పడిపోతే సన్న వైరో, వదులు జాయింటో ఉన్నట్టు. ముందే 200 దగ్గరుంటే లోపం లైనుది. కరెంటు ఆఫీసులో ఫిర్యాదు చేసి, ఈలోగా రాత్రి 11 తర్వాత మొదలయ్యేలా టైమర్ పెట్టుకోండి.

ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతోంది

ఆర్‌సీసీబీ అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్. ముందు గన్నులో, అంటే కారుకు తగిలించే చార్జింగ్ ప్లగ్గులో, తడి ఉందేమో చూడండి. గీజర్, మోటారు కూడా అదే ఆర్‌సీసీబీ మీద ఉంటే కారుకు 30 మిల్లీయాంప్ టైప్-ఏ రకం ఆర్‌సీసీబీ విడిగా పెట్టించండి. పాత ఇళ్లలో ఉండే టైప్-ఏసీ కారు చార్జింగ్‌కి సరిపోదు. పడిపోతోందని ఆర్‌సీసీబీని తీసేసి డైరెక్ట్ కనెక్షన్ ఇప్పించుకోవద్దు.

ఇవన్నీ బాగున్నా కారు ఉలకదు పలకదు

తెర వెలగదు, తలుపులు కూడా సరిగా తెరుచుకోవు. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా 12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోతే ఇలాగే అవుతుంది. మాన్యువల్‌లో చెప్పినట్టు బయటి 12 వోల్టుల బ్యాటరీతో లేపి, చిన్న బ్యాటరీని పరీక్ష చేయించండి. నాలుగేళ్లు దాటినదైతే మార్పించడమే మంచిది.