మెట్ల కింద మూలపడ్డ గేర్ల సైకిల్: ఎక్కడ మొరాయిస్తే ఏం చూడాలి

నాలుగేళ్లు మెట్ల కింద దుమ్ము తిన్న మౌంటెన్ బైక్‌ని సెలవుల్లో బయటికి లాగాం, నేనూ తొమ్మిదేళ్ల మా మేనల్లుడూ. ముందే ఒక షరతు పెట్టా: పెడల్ తిప్పేవాళ్లు "తిప్పుతున్నా" అని అరవాలి, రెండోవాళ్లు చైన్ దగ్గర్నుంచి వేళ్లు తీసేయాలి.

గాలి కొడితే గంటలో దిగిపోతోంది. ట్యూబుని బకెట్ నీళ్లలో ముంచితే బుడగలు చూపిస్తాయి. చిల్లు రిమ్ వైపుంటే తప్పు రోడ్డుది కాదు, లోపలి టేపు జరిగి స్పోకు తల గుచ్చుకుంటోంది. టేపు మార్చకుండా ఎన్ని ప్యాచులేసినా దండగే. గాలి ఎంత కొట్టాలో టైరు పక్కనే అచ్చై ఉంటుంది.

తొక్కుతుంటే టక్కుటక్కుమని చైన్ గెంతుతోంది. మాకు ఒక పూట పట్టింది దీనితోనే. కిరసనాయిల్లో పాత టూత్‌బ్రష్ ముంచి తోమి, తుడిచి, ఆరనిచ్చాం. ఇంకా గెంతుతోంది. పెడల్‌ని నేను నెమ్మదిగా వెనక్కి తిప్పుతుంటే, వాడు వెనక గేరు కింది చిన్న చక్రాలకేసి కళ్లప్పగించి కూర్చున్నాడు. "మామయ్యా, ఇదొక్కటి వంగట్లేదు!" సుద్దముక్కతో గుర్తు పెట్టించా. బిగుసుకున్న లింకది. చుక్క నూనె వేసి, రెండు చేతులతో అటూఇటూ పక్కలకి మెల్లగా వంచితే వదులైంది. అలాంటి లింకేదీ దొరక్కపోతే స్కేలు తీయండి. 24 లింకులు కచ్చితంగా 12 అంగుళాలుండాలి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు దాకా వస్తే వెనక పళ్లచక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి, ఖర్చు రెట్టింపు.

వెనక పెద్ద పళ్లచక్రం మీదికి చైన్ ఎక్కట్లేదు. కేబుల్ వదులైంది. వెనక గేరులోకి అది దూరే చోట చేత్తో తిప్పే చిన్న మర ఉంటుంది. వెనక నుంచి చూస్తూ, గడియారానికి ఎదురుగా పావు చుట్టు తిప్పి చూడండి. రెండు మూడు చుట్లకీ మారకపోతే కేబుల్ గొట్టంలో తుప్పుంది, రెండూ మార్చేయండి.

బ్రేకు కీచుమంటోంది, పట్టదు. రబ్బర్లు గట్టిపడి నున్నబడ్డాయి. గరుకు కాగితంతో రుద్దండి. రిమ్‌ని స్పిరిట్‌తో తుడవండి. మావాడు ఉత్సాహం కొద్దీ రిమ్‌కి కూడా నూనె రాశాడు, సగం సీసా స్పిరిట్ దానికే పోయింది. బ్రేకు సరిగ్గా పట్టేదాకా గేటు దాటనివ్వలేదు.

ఎడమ పెడల్ ఊడట్లేదు. దాని మర తిరగేసి ఉంటుంది, కుడివైపుకి తిప్పితేనే వదులవుతుంది. ఈ సంగతి తెలియక నేనొక పానా విరగ్గొట్టా.