ఇటుకల రైలు మొరాయిస్తే: లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి పరిష్కారానికి

లెగో ఇటుకలతో సొంతంగా రైలు కట్టుకునేవారికి దాదాపు అందరికీ ఎదురయ్యే అనుభవం ఒకటుంది. తిన్నని పట్టాల మీద హాయిగా నడిచిన బండి మలుపు రాగానే పట్టాలు తప్పుతుంది, మనం వెంటనే మలుపును తప్పుపట్టి పట్టాలన్నీ విప్పి మళ్లీ పరుస్తాం. చాలాసార్లు లోపం పట్టాల్లో ఉండదు. బండిలో ముందునుంచే దాగి ఉన్న బిగువును మలుపు బయటపెడుతుంది. అందుకే సమస్య ఏదైనా సరే, ముందు మోటారు ఆపేసి, పెట్టెలను విడదీసి, ఒక్కొక్కదాన్నీ చేత్తో మెల్లగా తోసి చూడాలని నా గట్టి అభిప్రాయం.

వాడుకలో బోగీ అంటే పెట్టె అనే అర్థం స్థిరపడింది కాబట్టి, పెట్టె కింద అటూ ఇటూ తిరిగే చక్రాల భాగాన్ని ఇక్కడ చక్రాల చట్రం అంటున్నాను. కొలతలు ఇటుక మీది బుడిపెల్లో చెబుతాను. ఒక బుడిపె నుంచి మరో బుడిపెకు దూరం 8 మి.మీ.

మలుపులో పట్టాలు తప్పుతోంది

పెట్టెను మలుపులోకి తోస్తూ, కళ్లను పట్టాల ఎత్తుకు దించి, ఏ చక్రం ముందుగా పైకి లేస్తోందో గమనించండి. లేచిన చక్రం ఏ చట్రానిదో ఆ చట్రం స్వేచ్ఛగా తిరగడం లేదని అర్థం. పెట్టెను తలకిందులుగా పట్టుకుని చట్రాన్ని వేలికొసతో పక్కకు నెట్టితే, అది ఎక్కడో ఒకచోట తగిలి ఆగుతుంది. అందం కోసం పెట్టిన మెట్టో, అడుగున వేలాడదీసిన ట్యాంకో, ఒక ప్లేటు (పలుచని ఇటుక) అంచో అక్కడ అడ్డుపడుతూ ఉంటుంది. ఆ ముక్కను ఒక బుడిపె వెనక్కి జరిపితే చాలు. తగిలేది ఏదీ లేకపోయినా బిగువుగా ఉంటే, చట్రాన్ని పట్టి ఉంచిన పిన్నును చూడండి. సాధారణంగా నల్లని పిన్నులు రాపిడితో బిగుసుకునే రకం, లేత బూడిదరంగువి వదులుగా తిరిగేవి. తిరగాల్సిన చోట రెండో రకాన్నే వాడాలి.

చట్రం విడిగా బాగానే తిరుగుతున్నా బండి తప్పుతోందంటే, నేను ముందుగా అనుమానించేది వైరును. నా ఇంజను ఒకటి ఎడమ మలుపులో ప్రతిసారీ తప్పేది, కుడి మలుపులో ఒక్కసారి కూడా తప్పలేదు. రెండు సాయంత్రాలు పట్టాలతో కుస్తీ పట్టాక, పైకప్పు తీసి చూస్తే, మోటారు నుంచి హబ్‌కు (బ్యాటరీలుండి మోటారును నడిపించే పెట్టెకు) వెళ్లే వైరు ఇటుకల మధ్య ఇరుక్కుని, చట్రాన్ని ఒకవైపుకు స్ప్రింగులా నెడుతూ కనిపించింది. ఈ వైర్లు మందంగా, మొండిగా ఉంటాయి. అందువల్ల మోటారు పైనుంచి నేరుగా పైకి వచ్చేలా దారి వదిలి, చట్రం రెండువైపులా పూర్తిగా తిరిగినా లాగబడనంత వదులు ఉంచి, మిగిలిన పొడవును ఇంజను లోపల చుట్టి పెట్టాలి. ఒకే దిశలో తప్పే బండి కనిపిస్తే వైరు దగ్గర మొదలుపెట్టండి.

మూడు ఇరుసులను ఒకే దృఢమైన చట్రంలో బిగించినవారికి వేరే చిక్కు ఉంటుంది. మామూలు మలుపు ముక్కలు 16 కలిస్తే ఒక పూర్తి వృత్తమవుతుంది, దాని వ్యాసార్థం 40 బుడిపెలు, అంటే 320 మి.మీ. మాత్రమే. అంత ఇరుకైన వంపులో వరుసగా ఉన్న మూడు చక్రాలకూ పట్టా లోపలివైపు దిగే అంచులుంటే మధ్యది పట్టాన్ని ఎక్కక తప్పదు. మధ్య ఇరుసుకు అంచులేని చక్రాలు వేయడమో, అది పక్కకు కొద్దిగా జరిగేలా చోటివ్వడమో చేయాలి.

చివరిది బరువు. పొడవైన బండిలో ఖాళీ పెట్టె ముందుండి, బరువైనవి వెనకుంటే, లాగుడు తాడును బిగించినట్టు తేలిక పెట్టెను మలుపు లోపలికి ఈడ్చిపడేస్తుంది. బరువైన పెట్టెలను ఇంజను పక్కకు మార్చండి, లేదా తేలిక పెట్టెల అడుగున బరువు చేర్చండి. పైకప్పులో చేరిస్తే మేలుకంటే కీడే ఎక్కువ.

పెట్టె మలుపులో ప్లాట్‌ఫాంకో, సొరంగం గోడకో తగులుతోంది

మలుపులో పెట్టె నడుము లోపలివైపుకు, కొసలు బయటివైపుకు జరుగుతాయి. నడుము ఎంత జరుగుతుందో ముందే లెక్కించుకోవచ్చు: రెండు చట్రాలు తిరిగే కేంద్రాల మధ్య దూరాన్ని బుడిపెల్లో కొలిచి, ఆ సంఖ్యను దానితోనే గుణించి, 320తో భాగించండి. దూరం 20 బుడిపెలైతే 1.25 బుడిపెలు, అంటే 10 మి.మీ. వస్తుంది, 30 బుడిపెలైతే 2.8 బుడిపెలకు పెరుగుతుంది. పొడవు ఒకటిన్నర రెట్లు పెరిగితే జరుగుడు రెండింతలు దాటుతోందన్న సంగతిని పెట్టె కట్టకముందే గుర్తుంచుకుంటే, పూర్తయిన గోడను కూలగొట్టే బాధ తప్పుతుంది. కొసల వైపు పరిష్కారం చట్రాలను కొసలకు దగ్గరగా జరపడమే, కానీ అలా జరిపితే నడుము మరింత లోపలికి వస్తుంది కాబట్టి రెండింటి మధ్య రాజీ కుదుర్చుకోవాలి.

మోటారు తిరుగుతోంది, బండి లాగడం లేదు

చక్రాలు అక్కడే జారుతుంటే మోటారు చక్రాల చుట్టూ ఉన్న రబ్బరు రింగులను చూడండి. దుమ్ము పట్టినా, అరిగినా, ఒకటి ఊడిపోయినా పట్టు పోతుంది. తడిగుడ్డతో తుడిచి, బ్యాటరీల పెట్టె బరువు సరిగ్గా మోటారు మీద పడేలా అమర్చండి.

చక్రాలు జారకుండా బండి మందగిస్తుంటే రాపిడి ఎక్కువైందన్నమాట. ఇరుసు కొసన దాన్ని జారకుండా పట్టే చిన్న ముక్కను (బుష్‌ను), ఇరుసు దూరే రంధ్రాల ముక్కకు (బీమ్‌కు) పూర్తిగా ఆనించి నొక్కడం చాలామంది చేసే పని. మధ్యలో కాగితం పట్టేంత సందు ఉండాలి. ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, తివాచీ నూలుపోగులు పైకి కనబడవు, ఇరుసును బయటికి లాగితేనే దొరుకుతాయి.

రెండు మోటార్లున్న బండి గురగురమంటూ కదలకపోతే అవి ఒకదానికొకటి ఎదురు లాగుతున్నాయి. ఒక మోటారును 180 డిగ్రీలు తిప్పి బిగించండి.

ఎక్కుడులో ఆగిపోతోంది

తిన్నని పట్టా ముక్క పొడవు 16 బుడిపెలు, అంటే 128 మి.మీ. ముక్కకు ఒక ఇటుక చొప్పున, అంటే 9.6 మి.మీ. ఎత్తు పెంచితే వాలు 7.5 శాతమవుతుంది, పొడవైన బండికి అది చాలా ఎక్కువ. ముక్కకు ఒక ప్లేటు చొప్పున, అంటే 3.2 మి.మీ. పెంచితే 2.5 శాతమే. వాలు మొదలయ్యే చోట, ముగిసే చోట బండి అడుగు పట్టాలకు రాసుకుంటోందేమో కూడా చూడాలి.

ఆవిరి ఇంజను కడ్డీలు బిగుసుకుపోతున్నాయి

చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే కడ్డీలు రెండువైపులా ఒకే క్షణంలో కొసకు చేరితే, రెండో ఇరుసు ముందుకు తిరగాలో వెనక్కి తిరగాలో తేలక ఇరుక్కుంటుంది. ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే ఇరుసుకు చక్రాన్ని నాలుగు స్థానాల్లో తొడగవచ్చు; ఒకవైపు చక్రాలన్నిటినీ తీసి, రెండోవైపు వాటికి 90 డిగ్రీల తేడాతో తిరిగి తొడగండి. అసలు ఆవిరి ఇంజన్లలోనూ రెండు సిలిండర్లవాటికి ఇదే పద్ధతి.

వేగం తక్కువ, లేదా రిమోట్ మాట వినడం లేదు

ఆరు మామూలు బ్యాటరీలు కలిస్తే 9 వోల్టులు, ఆరు రీచార్జబుల్ బ్యాటరీలు కలిస్తే 7.2 వోల్టులు వస్తాయి. వేగంలో ఆ తేడా సహజమే, లోపం కాదు. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ వాడే పాత రకంలో రిసీవర్ పైకప్పు కింద దాగకూడదు, నేరుగా ఎండ పడే చోట సరిగా పనిచేయదు. బ్లూటూత్ హబ్ రిమోట్‌కు కలవకపోతే, అది అప్పటికే ఏదైనా ఫోనుకు కలిసి ఉందేమో చూడండి.

1991లో వచ్చిన 9 వోల్టుల రైళ్లకు విద్యుత్తు లోహపు పట్టాల ద్వారానే అందుతుంది. బండి కరెంటు కలిపిన చోటికి దూరంగా వెళ్లేకొద్దీ మందగిస్తే, అక్కడ రెండో జత వైర్లు కలపండి. కుదుపులతో నడిస్తే పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. గరుకు కాగితంతో రుద్దితే పలుచని లోహపు పూత పోతుంది. పాయింట్ల (పట్టాలు చీలే ముక్కల) ద్వారా బండి తిరిగి అదే పట్టా మీదికి ఎదురుదిశలో వచ్చేలా లూప్ కడితే మాత్రం ఎడమ పట్టా కుడి పట్టాతో కలిసి షార్ట్ సర్క్యూట్ అవుతుంది, బండి కదలనే కదలదు. ఆ లూప్‌ను విద్యుత్తుపరంగా వేరు చేయనిదే, ఎన్నిసార్లు తుడిచినా ప్రయోజనం ఉండదు.